గంగమ్మ పేరు చెప్పి నేను చెడగొట్టిన లెక్క

కృష్ణలో చేపలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి ఒక ఆఫీసరును పంపారు. ఆయనది అనంతపురం వైపు పల్లె. అక్కడ నీళ్లు చూడాలంటే బావిలోకి తొంగి చూడాలట, అది కూడా వానలు పడిన ఏడు. ఈత రాదు. పడవ ఎక్కితే రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని, పీటల మీద కొత్త పెళ్లికూతురిలా తల దించుకుని కూర్చునేవాడు. ఆయన్ని ఎక్కించుకుని తిప్పాల్సిన పడవ నాది.

డెబ్బైల మొదట్లో సంగతి ఇది. విజయవాడ బ్యారేజీ కట్టి పదిహేనేళ్లు దాటింది. గేట్లకు ఎగువన, భవానీపురం రేవు నుంచి ఇబ్రహీంపట్నం దాకా ఏరు చెరువులా నిండి ఉండేది. ఆ మేరంతా మా వాళ్లదే. మాదంటే మా పేరున పట్టా ఉందని కాదు. ఇంటికో లైసెన్సు కాగితం ఉండేది, జట్లు జట్లుగా వలలు వేసుకుని బతికేవాళ్లం. ఆ ఏడు ఒక మాట పుట్టింది. చేపలు దండిగా ఉన్నాయని ఆఫీసరు లెక్కలో తేలితే ఆ మేరంతా వేలం వేసి ఒకే కంట్రాక్టరు చేతిలో పెడతారని. కంట్రాక్టరు వస్తే అలివి వల దింపుతాడు. అది ఈ గట్టు నుంచి అవతలి లంక దాకా సాగి, చీపురుతో వాకిలి ఊడ్చినట్టు ఏరును ఊడ్చే వల. అప్పుడు మా ఏట్లో మేమే వల లాగే కూలీలం. చేపలు తక్కువని తేలితే మాత్రం మా జోలికి ఎవరూ రారు. ఆఫీసరు పెన్సిలు మీద అరవై ఇళ్ల అన్నం ఆధారపడి ఉందన్నమాట. ఆ సంగతి ఆఫీసరుకు తెలుసు, మాకు తెలుసు. లెక్క ఎలా కడతారో మాత్రం మాలో ఒక్కడికీ తెలియదు.

నన్నే ఎందుకు పెట్టుకున్నారంటే నా పడవ కారదు. పైగా నేను తాగి పడవ నడపను. తాగితే నాకు ఇంటికి నడవడమే కష్టం.

పని మొదట్లో నాకు నవ్వులాటగానే ఉండేది. ఏట్లో ఆయన చెప్పిన చోటల్లా వల వేయాలి. పడిన చేపను గీతలు గీసిన చెక్క మీద పడుకోబెట్టి పొడవు చూడాలి, స్ప్రింగు కాటాకు తగిలించి బరువు చూడాలి, చాకు మొనతో వెన్ను పక్కన నాలుగు పొలుసులు గీకి కాగితంలో మడిచి పెట్టాలి. ఆ పొలుసును భూతద్దం కింద పెట్టి గీతలు లెక్కపెట్టి, "దీనికి మూడేళ్లన్నా" అనేవాడు ఆయన. మా మామ, అంటే మా ఆవిడ తండ్రి, మా రేవుకు పెద్ద మనిషి. ఒకరోజు ఆయన పడవలోకి తొంగి చూసి, తన మోచేతి మీద ఎండిన చర్మం గీకి చూపించి, "మాదీ చెప్పండి సారూ. మా అమ్మ చెప్పకుండానే పోయింది" అన్నాడు.

ఆఫీసరు నిజంగానే భూతద్దం తీసి చూసి, "నీళ్లు పోసుకొని నెల రోజులైంది" అన్నాడు.

ఆరోజు నుంచి మా వాళ్లకు ఆయనంటే కాస్త గురి కుదిరింది.

అసలు పని తర్వాత వచ్చింది. బొచ్చెలు, శీలావతులు ప్రాణంతో పట్టి, వెన్ను మీది రెక్క కింద సన్న తీగ గుచ్చి, ఆ తీగకు రూపాయి బిళ్లలో సగం ఉండే బిళ్ల కట్టి మళ్లీ ఏట్లో వదలాలి. బిళ్ల మీద నంబరు ఉంటుంది. పచ్చగా, పసుపు కొమ్ము అరగదీసి పూసినట్టు ఉండే రంగు. అంత బురద నీళ్లలోనూ కనపడాలని ఆ రంగు ఎంచారట. ఎవరు ఎంచారో గానీ మా దేశంలో పుట్టినవాడు మాత్రం కాదు.

"ఏంటి సారూ, చేపకు తాళి కడుతున్నారా?" అన్నాను మొదటిరోజు.

"గుర్తన్నా. రేపు మీవాళ్ల వలలో ఇది పడుతుంది. ఎన్ని పడినాయో చూస్తే ఏట్లో మొత్తం ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది."

"ఎలా తెలుస్తుందండి?"

"తెలుస్తుంది లేన్నా" అన్నాడు. అప్పుడే విడమరిచి చెప్పి ఉంటే ఈ కథే లేదు. నేనూ అడగలేదు. చదువుకున్నవాళ్లు తెలుస్తుందంటే తెలుస్తుంది కాబోలు అనుకునే రోజులు అవి.

మూడు వందల చేపలకు అలా తాళి కట్టాం. ఆయన నాతో ఒక మాట ఊరంతా చాటించమన్నాడు. బిళ్ల చేప దొరికితే దాన్ని కోసుకుని తినండి, అమ్ముకోండి, మీ ఇష్టం. బిళ్ల మాత్రం తెచ్చి ఇవ్వండి, ఎక్కడ పడిందో చెప్పండి. అంతే.

చాటాను. ఒక్క బిళ్లా రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసు. బిళ్ల ఇస్తే మనం ఎంత పడుతున్నామో గవర్నమెంటుకు తెలిసిపోతుందని అందరికీ భయం. చేపను తిని, బిళ్లను మళ్లీ ఏట్లోకే గిరాటు వేస్తున్నారు. ఒక ఇంట్లో పిల్లి మెడకు కట్టారు. ఆ పిల్లిని ఆఫీసరు చూశాడు.

"పిల్లి నంబరు నూట పన్నెండన్నా" అన్నాడు నీరసంగా. "చేప తినేసి పిల్లికి కడితే నేనేం రాసుకోవాల? ఇట్లయితే నన్ను వెనక్కి పిలిపిస్తారు."

ఆయన పోతే నా పడవకు పనీ పోతుంది. పైగా ఆయనకు ఒక్క పనికొచ్చే మాట చెప్పలేకపోయానని నాకు రోషం కూడా వచ్చింది. ఆ సాయంత్రం కల్లు దుకాణం దగ్గర మా వాళ్లు నలుగురు కూర్చుని ఉంటే వెళ్లి అన్నాను: "ఆ పచ్చబిళ్ల చేపలు తింటున్నారే, అవి ఎవరివో తెలుసా? గంగమ్మవి. సారు వాటిని ఏట్లో వదిలే ముందు అమ్మవారికి మొక్కి వదులుతున్నాడు. అచ్చు వేసి వదిలిన ఆంబోతును ఎవడన్నా కోసుకు తింటాడా? తిన్నవాడి వల చిరిగిపోద్ది. నా మాట విని తెచ్చి నాకివ్వండి."

నా లెక్కేమిటంటే, భయపడి బిళ్ల తెచ్చి నా చేతిలో పెడతారని. గంగమ్మ పేరు చెబితే మా వాళ్లు ఏం చేస్తారో, మా వాళ్లలో పుట్టి కూడా నాకు తట్టలేదు చూడండి. మూర్ఖుడికి కొమ్ములుంటాయా ఏమిటి.

వారం తిరిగేసరికి ఏటి గట్టున పసుపు, కుంకుమ. మా అక్క చేపల గంప నెత్తిన పెట్టుకుని వన్‌టౌన్ వీధులన్నీ తిరిగి అమ్మేది. ఒకరోజు పొద్దున్నే రేవులో మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి, నాలుగు కేజీల బొచ్చెను చంటిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుని, దాని నుదుట బొట్టు పెడుతోంది. చేపకు నుదురు ఎక్కడుంటుందని వెతికి వెతికి రెండు కళ్ల మధ్య పెట్టింది. వెన్ను మీద పచ్చబిళ్ల తళతళలాడుతోంది.

"ఏంటే అక్కా ఇది?"

"కనపడట్లా? అమ్మకు అమ్మను అప్పజెబుతున్నా. మీ బావ వల్లో పడింది. నువ్వు చెప్పబట్టి తెలిసింది గానీ లేకపోతే పులుసు పెట్టేసేదాన్ని. ఎంత పాపం జరిగేదిరా తమ్ముడూ!"

వదిలింది. బొచ్చె తోక ఒక్కసారి కొట్టి అక్క ముఖం మీద నీళ్లు చల్లి వెళ్లిపోయింది. అక్క ఆ నీళ్లు కళ్లకు అద్దుకుంది.

అప్పుడే నేను సారుకు చెప్పి ఉండాలి. చెప్పలేదు. చెప్పకపోవడానికి నాకు ఒక బ్రహ్మాండమైన కారణం కూడా దొరికింది. చేప బతికే ఉంది కదా? సారు చేపలు సారుకే ఏట్లో భద్రంగా ఉన్నాయి కదా? ఇదివరకు తినేసేవాళ్లు, ఇప్పుడు తినట్లేదు. లాభమే గానీ నష్టం ఏముంది? బిళ్ల చేపను ఇప్పుడెవరూ తినట్లేదు, బిళ్ల దాచట్లేదు అని మాత్రం సారుకు చెప్పి, నాకు నేనే భుజం తట్టుకున్నాను.

ఆ తర్వాత ఈ పిచ్చి ఆగలేదు. మా వీధి చివర క్రైస్తవుల ఇల్లు ఒకటి ఉండేది. ఆ ఇంటావిడ గంగమ్మ అనకుండా గుణదల మాత అని చెప్పి, కొవ్వొత్తి వెలిగించి శీలావతిని వదిలింది. టోకు మార్కెట్లో మా చేపలు కొనే సాయిబు గారు, గంపలో పచ్చబిళ్ల కనపడగానే చేయి వెనక్కి తీసుకుని, "మీ అమ్మవారి చేప నాకెందుకయ్యా, నాకసలే బేరాల్లేవు, తీసుకుపోండి" అనేవాడు. అలా ఏరు వదిలి బజారుకు చేరిన చేపలు కూడా రిక్షా ఎక్కి మళ్లీ ఏటికి వచ్చేవి. మూడు మతాల వాళ్లూ కలిసి ఒక్క మాట మీద ఉండగా నేను చూసింది అదొక్కటే.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు ఆఫీసరు పడవలో రెండు చేతులూ అంచుల మీద నుంచి తీసేసి కూర్చున్నాడు. అంటే మనిషి ఎంత సంతోషంగా ఉన్నాడో అర్థం చేసుకోండి.

"అన్నా, లెక్క తేలింది. మీ కృష్ణమ్మ కడుపు నిండా చేపలేన్నా! ఇంత ఉంటాయని నేనే అనుకోలా. రిపోర్టు రాస్తున్నా."

నా చేతిలో గెడ ఆగిపోయింది. "ఎలా తేలిందండి?"

అప్పుడు చెప్పాడు మహానుభావుడు. "బస్తా నిండా శనగలున్నాయనుకో. ఎన్ని ఉన్నాయో తెలీదు. దాంట్లో గుప్పెడు కందులు లెక్కపెట్టి వేసి బాగా కలిపినావు. మళ్లీ ఒక గుప్పెడు తీసినావు. ఆ గుప్పెట్లో కందులు ఎక్కువ వస్తే బస్తా చిన్నదని. కందులు అసలు రాకపోతే?"

"బస్తా పెద్దదండి" అన్నాను.

"అంతే. మూడు వందల బిళ్లలు వేస్తే నాలుగు నెలల్లో నా చేతికి వచ్చింది నాలుగే. ఒకటి పిల్లిది, మూడు మనం వేసిన వలలోవి. అంటే ఏట్లో చేపలు అన్ని ఉన్నాయని."

నేను పడవలో కూర్చుండిపోయాను. ఎంత ఎక్కువ చేపలుంటే అంత తొందరగా వేలం. వారం కిందటే ఎవరో జీపులో వచ్చి గట్టు మీద నుంచి తాడు వేసి లోతు చూసుకుని పోయారని మా వాళ్లు చెప్పుకున్నారు. మా అరవై ఇళ్ల మీదికి కంట్రాక్టరును తెచ్చింది ఎవరో కాదు, కల్లు దుకాణం దగ్గర నా నోటి నుంచి వచ్చిన నాలుగు ముక్కలు.

చెబితే అటు సారు ముందు, ఇటు మా వాళ్ల ముందు పరువు పోతుంది. చెప్పకపోతే ఏరు పోతుంది. పరువు ఎలాగూ అరువు తెచ్చుకున్నదే గనుక చెప్పేశాను. అక్క బొట్టు పెట్టిన దగ్గర్నుంచి కొవ్వొత్తి దాకా అన్నీ.

 ఆయన రెండు చేతులూ మళ్లీ అంచుల మీదికి వెళ్లాయి.

"అన్నా, బిళ్ల చేప మీవాళ్ల చేతికి చిక్కిన ప్రతిసారీ నాకు తెలియాలన్నా. వదిలినా ఫర్వాలేదు, చిక్కిందని తెలియాల. నా ఏడాది కష్టం తీసుకొనిపోయి గంగమ్మకు నైవేద్యం పెట్టినావు కదన్నా."

"తప్పైపోయిందండి."

"మీ నోటితో మీరే మీ ఏరును వేలం వేసుకున్నారు. రేపు పొద్దున అందర్నీ పిలిపించు. ఎవరెవరు ఎన్ని వదిలినారో చెప్పమను. అప్పటిదాకా రిపోర్టు ఆపుతా."

మర్నాడు వలలు ఆరవేసే చోట అందరూ చేరారు. మామ మధ్యలో బోర్లించిన పడవ మీద కూర్చున్నాడు. నేను లేచి నిలబడి, గంగమ్మ సంగతి నేను కల్పించిన అబద్ధమని, ఆ బిళ్ల గవర్నమెంటు ప్లాస్టిక్కని చెప్పాను. కొడతారేమో అనుకున్నాను. 

మా అక్క ముందు నోరు విప్పింది. "అబద్ధమేంట్రా? అమ్మను వదిలిన మూడో నాటికి నా మోకాలి నొప్పి పోయింది. నువ్వు అబద్ధమే చెప్పుంటావు, నీ నోట్లోంచి నిజం ఎప్పుడొచ్చింది గనక. నీ అబద్ధం నీది, అమ్మ నిజం అమ్మది. ఆ రెండింటికీ ముడెయ్యమాక."

"అది కాదే..."

"కూర్చోరా" అంది. కూర్చున్నాను.

ఆఫీసరు ఇక వాదన పెట్టుకోకుండా, "సరేనమ్మా, అమ్మవారే. ఎవరెవరికి ఎన్నిసార్లు దర్శనమైంది? అది చెప్పండి చాలు" అన్నాడు. తెలివైనవాడే. కానీ మా వాళ్లు ఆయన కంటే తెలివైనవాళ్లు. ఒకాయన ఐదు వదిలానన్నాడు. పక్కవాడు ఊరుకుంటాడా? ఎనిమిది అన్నాడు. ఎనిమిదిసార్లు అమ్మ వాడికే ఎందుకు కనపడుతుంది, వాడేమంత నీతిమంతుడని ఇంకొకడు పన్నెండు చెప్పాడు. ఆడవాళ్లు ఇంకా ముందుకు పోయారు. మా బావ జీవితంలో వల సరిగ్గా విప్పడం తెలియని మనిషి, ఆయన కూడా ఇరవై చెప్పాడు. ఆఫీసరు రాసుకుంటూ, కూడుకుంటూ, చివరికి పెన్సిలు కింద పెట్టేశాడు.

"ఎంతండి?" అన్నాను.

"ఏడు వందల చిల్లర."

"మనం కట్టింది మూడు వందలేగా?"

"అదే చెబుతున్నా" అన్నాడు. "ఈ లెక్క నమ్మితే మీ కృష్ణలో చేప అన్నదే ఉండకూడదు."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మామ కూడా నవ్వలేదు. ఆయనకు వేలం సంగతి అందరికంటే బాగా అర్థమైంది. నోటి మాట మీద లెక్క కట్టలేమని, మళ్లీ మొదటి నుంచి చేయాలని ఆఫీసరు చెబుతుంటే, ఆయన గడ్డం గోక్కుంటూ విన్నాడు. "ఈసారి బిళ్ల వద్దు. తోక మూల చిన్న ముక్క కత్తిరించి వదులుతాం. కానీ ఆ తోకలు నా కంట పడేదెట్ల? మీవాళ్లు గంపలకెత్తినాక చూడడానికి ఏమీ మిగలదు."

"అంత కష్టమెందుకండి?" అన్నాడు మామ. "రోజూ పొద్దున్నే పడిన చేపంతా ఇసకలో పరిచే ఉంటుందిగా."

ఉంటుంది. జట్టు వల లాగాక చేపనంతా ఇసకలో కుప్పలుగా పోస్తాం, మనిషికో కుప్ప. కుప్పలు సమానంగా ఉండవు కాబట్టి ఒకడు కుప్పలకు వీపు పెట్టి నిలబడతాడు. ఇంకొకడు ఒక కుప్ప మీద కాలు ఆనించి "ఇదెవరికి?" అంటాడు. వెనక్కి తిరిగినవాడు చూడకుండా ఒక మనిషిని చెబుతాడు. ఎవరికి ఏ కుప్ప వచ్చినా నోరు మూసుకుని తీసుకోవాలి. ఏట్లో పడిన ప్రతి చేపా ఆ అరగంట సేపూ ఎండలో అందరి ముందూ పడుకుని ఉంటుంది. ఆఫీసరు ఏడాది నుంచి మా చుట్టూ తిరుగుతున్నాడు, ఒక్కనాడూ అది చూడలేదు. ఎందుకంటే పైమనిషి కన్ను కుప్ప మీద పడితే దిష్టి. వాటాలు ఎత్తేదాకా బయటి మనిషి ఇసకలో అడుగు పెట్టకూడదు. అందుకని రోజూ ఆ వేళకు ఆయన్ని మర్యాదగా టీ కొట్టుకు తీసుకెళ్లి కూర్చోబెట్టేది నేనే.

"దిష్టి మాట?" అని ఎవరో అడిగారు.

మామ తీర్పు చెప్పాడు. "సారు కుప్పలు చూడడు. వీపు పెట్టి నిలబడతాడు. వాటాలు పిలిచేది ఈరోజు నుంచి సారే. వాటా పిలిచినవాడు పైమనిషి ఎట్టా అవుతాడు?"

"నేను చూడకపోతే తోకలు ఎవరు చూస్తారన్నా?" అన్నాడు ఆఫీసరు.

మామ నా వైపు వేలు చూపించాడు. అందరూ గొల్లుమన్నారు. అబద్ధాలకోరు చేతికే లెక్క.

ఆఫీసరు నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమన్నా, అంకెలొస్తాయా?"

"రావండి."

"నేర్పుతా" అన్నాడు.

అలా ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, పొడవు కొలిచే చెక్క వెనక సున్నపు ముక్కతో నాకు ఒకటి నుంచి వంద దాకా వచ్చింది. ఆ తర్వాత ఏ చేప ఎన్నో రాయాలి కనుక అక్షరాలు కూడా. నేను నేర్చుకున్న మొదటి మాట అమ్మా కాదు, ఆవూ కాదు, జెల్ల.

కత్తెర పట్టుకుని మళ్లీ మూడు వందల తోకలు కత్తిరించాం. తోక మూల పోయిన చేపకు ఎవరూ బొట్టు పెట్టలేదు. దేవుడికి వదిలిన సరుకు అంగవైకల్యంతో ఉండకూడదు కదా! ఇక రోజూ పొద్దున్నే చూడాలి తమాషా. చేపలు చూడడానికి జీతమిచ్చి పంపిన మనిషి చేపలకు వీపు పెట్టి, గట్టు మీది కరెంటు స్తంభం వైపు చూస్తూ, "ఇదెవరికి?" అంటే "ముసలాయనకి!", "ఇదెవరికి?" అంటే "పిల్లి ఇంటాయనకి!" అని గొంతు చించుకునేవాడు. ఆయన వెనకాల నేను కుప్పల మధ్య చతికిలబడి తోకలు విప్పి చూస్తూ, పుస్తకంలో గీతలు పెట్టుకునేవాణ్ని. మంచి కుప్పలు ఆయన ఎప్పుడూ ఎవరో ఒక ముసలమ్మకే పడేలా పిలుస్తున్నాడని, వీపుకు కళ్లున్నాయని మా బావ గొడవ చేశాడు కూడా.

ఒక పొద్దున మామ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. కుప్పలోని చేపను తిరగేస్తూ, పెదాలు కదపకుండా అన్నాడు: "అల్లుడూ, తోక తెగినవి ఎక్కువ కనపడితే చేపలు తక్కువని కదూ?"

"అవును మామా."

"మరి రోజుకు నాలుగు గీతలు ఎక్కువ పెట్టు. నీ సొమ్మేం పోయింది? కంట్రాక్టరు ఈ గట్టు తొక్కడు."

నేనూ అది ఆలోచించకపోలేదు. పెన్సిలు నా చేతిలోనే ఉంది, సారు వీపు నా వైపే ఉంది. నేనేదో సత్యవంతుణ్ని కాబట్టి పెట్టలేదని ఇక్కడ రాసుకోను. పెట్టాల్సిన అవసరం రాలేదు, అంతే. ఆరోజు పుస్తకం మామ ముందు తెరిచి పెట్టాను. ఆయనకు చదువు రాదు గానీ గీతలు గీతలే కదా.

"ఇవన్నీ నువ్వు కలిపినవేనా?"

"ఒక్కటి కూడా కలపలేదు మామా. అన్నీ ఈ కుప్పల్లోవే."

ఆయన పేజీలు తిప్పాడు. గీతలే గీతలు. కత్తిరించిన తోకలు రోజూ వస్తున్నాయి, ఒకసారి పట్టి వదిలిన చేపనే మళ్లీ పట్టుకుంటున్నాం. గుప్పెడు తీస్తే సగం కందులే. బస్తా అంత చిన్నదని మా ఇద్దరికీ అప్పుడే, అక్కడే తెలిసింది. పుట్టిన దగ్గర్నుంచి ఆ ఏట్లో ఉన్నాం. రేపు వల వేస్తే రేపటికి ఉంటాయిలే అనుకుంటూ బతికాం. మామ పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టి లేచాడు. ఎక్కువ గీతల ఊసు మళ్లీ ఎత్తలేదు.

రిపోర్టు వెళ్లింది. లోతు చూసిన జీపు మళ్లీ రాలేదు. వేలం లేదన్నారు. మా రేవులో ఆరోజు కోడిని కోశారు, సారుకు దండ వేశారు, దండ వేసిన చేతులతోనే నన్ను వీపు మీద చరిచారు. ఆయన బదిలీ మీద చల్లపల్లి అవతల దిగువ ఏటికి పోయాడు. ఆయన పోయిన ఇరవై రోజులకు రేవులో టీ కొట్టు గోడకు ఒక కాగితం అంటించారు. చదవగలిగేవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నన్ను లాక్కెళ్లి ముందు నిలబెట్టారు. కూడబలుక్కుని చదివాను. ఎగువ మేర వేలం వేయరు. సంతోషం. చేపలు తక్కువగా ఉన్నందున, గుడ్లు పెట్టే వరద రోజుల్లో రెండు నెలలు ఎవరూ వల వేయకూడదు. మూడు వేళ్లు దూరని కన్ను ఉన్న వల ఏదీ ఇక ఏట్లో దిగకూడదు. దిగితే లాక్కుంటారు.

 అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ మాటలు ఇక్కడ రాయను, మా అమ్మ ప్రస్తావన చాలాసార్లు వచ్చింది. అక్క మాత్రం శుభ్రంగా తిట్టింది. "రెండు నెలలు గంపలో ఏం పెట్టుకుని తిరగనురా? నీ పుస్తకమా? నీకు చదువొచ్చిందాకా మా ఇంట్లో దరిద్రం అడుగు పెట్టలేదు!"

"కంట్రాక్టరు వస్తే పన్నెండు నెలలూ తిరగక్కర్లేదే అక్కా."

"వాడొస్తే వాణ్ని తిట్టేదాన్ని. సొంత తమ్ముణ్ని తిట్టే బాధ తప్పేది."

మామ వాళ్లలో కలవలేదు. ఇంటికి పోయి భుజాన వల వేసుకుని వచ్చాడు. ఆయన చేత్తో అల్లుకున్న వల, నా పెళ్లికి ముందు నుంచీ ఉన్నది. నా ముందు విప్పి పరిచి, "చూడు" అన్నాడు.

కన్నులో వేళ్లు పెట్టాను. రెండు దూరాయి. మూడోది దూరలేదు. ఇంకో చోట చూశాను, అక్కడా అంతే. బలవంతంగా తోస్తే దారం కోసుకుంది.

"రెండే మామా."

మొలలో ఉన్న చాకు తీసి నాకిచ్చాడు. "కొయ్యి."

"నీ వల, నువ్వే కొయ్యి."

"లెక్క ఎవడు రాశాడు?"

నేనే రాశాను. కూర్చుని నడిమధ్య నుంచి కోశాను. మంచి నూలు, తెగడానికి చాలాసేపు పట్టింది. ఆయన పక్కనే నిలబడి చివరిదాకా చూసి, చాకు తీసుకుని, తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆవిడ దానికి చాలా బాధపడింది గానీ, పెళ్లయిన నాటి నుంచి నాకు అంత ప్రశాంతంగా గడిచిన నెల మరొకటి లేదు.